చేపల కాటా మీద మనిషి బరువు

మా వీధి కుర్రాళ్లు కొందరు పొద్దున్నే నడకకు వెళ్లి వస్తూ, నేను గుమ్మంలో కూర్చుని పేపరు చదువుకుంటుంటే ఆగి, "మాస్టారూ, ఈ నెల రెండు కిలోలు తగ్గానండి" అని చెబుతుంటారు. "ఏ కాటా మీద?" అని అడుగుతాను నేను. వాళ్లు నవ్వేసి వెళ్లిపోతారు. ముసలాయనకు చాదస్తం అనుకుంటారు కాబోలు. ఆ ప్రశ్న నాకు ఎక్కడ అంటుకుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది ఏలూరు. క్షయ రోగులకు ఇచ్చే మందులు వాళ్ల గొంతు దిగుతున్నాయా లేదా అని చూడటం అప్పట్లో నా ఉద్యోగం. పేరుకు సూపర్‌వైజరునే గాని, చేసేది పోస్ట్‌మన్ తిరుగుడు. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నన్ను జంగారెడ్డిగూడెం వైపు నుంచి తీసి కొల్లేటి పక్కన వేశారు. అక్కడ మెట్ట, దుమ్ము. ఇక్కడ నీళ్లు, బురద. ప్రభుత్వం వారు ఒక మోటారుసైకిలు ఇచ్చారు. దాని మీద నేను ఎంత తిరిగానో, చెరువు గట్ల మీద జారి అది నా మీద అంత పడింది.

మందుల పద్ధతి రెండు ముక్కల్లో చెబుతాను. రోగి పేరుతో ఒక మందుల పెట్టె ఉంటుంది. అందులోని మాత్రలు రోజు విడిచి రోజు, ఎవరో ఒకరి కళ్ల ముందు మింగాలి. అలా ఆరు నెలలు. నెలకోసారి బరువు చూడాలి, రెండు నెలలు గడిచాక కఫం పరీక్ష చేయించాలి. ఇంతకు మించి వైద్యం మీకు అవసరం లేదు, నాకూ రాదు.

మా ప్రాంతంలో ఒక లంక ఉండేది. లంక అంటే కొల్లేటి మధ్య మిట్ట మీద కట్టుకున్న ఊరు. వేసవిలో నీళ్లు తగ్గితే సైకిలు మీద వెళ్లి రావచ్చు. వానలకు వాగులు పొంగి కొల్లేరు నిండిందంటే మాత్రం నేల దారి ఉండదు. బడికి వెళ్లే పిల్లలు, చేపల బుట్టలతో ఆకివీడు వెళ్లే ఆడవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు, అందరూ దోనె ఎక్కాల్సిందే. ఆ దోనె నడిపేది ఒక ఆడమనిషి. ముప్పై దాటి ఉంటాయి. తండ్రి నడిపేవాడట, ఆయన పోయాక గెడ తను అందుకుంది. భర్త ఆకివీడులో ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తూ వారానికోసారి వచ్చేవాడు. గెడ అంటే పొడవాటి వెదురు బొంగు. దాన్ని అడుగు బురదలో గుచ్చి, ఒళ్లంతా దాని మీద వాల్చి నెట్టాలి. రెక్కల్లో బలం, గుండెల్లో ఊపిరి లేనివాళ్లు చేసే పని కాదు.

నేను మొదటిసారి చూసేనాటికి ఆవిడలో ఆ రెండూ లేవు. మాఘమాసం చలిలో ఆసుపత్రి వరండా గోడకు ఆనుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. పరీక్షలో క్షయ అని తేలింది. ఆసుపత్రి కాటా మీద నిలబెడితే ముప్పై ఆరు కిలోలు. మందుల సంగతి చెప్పగానే రోగులందరూ నన్ను అడిగేది ఒకటే, "బతుకుతానాండీ?" అని. ఈవిడ అది అడగలేదు.

"నీళ్లొచ్చేనాటికి గెడ పట్టగలనాండీ?" అంది.

"నీళ్లు ఎప్పుడొస్తాయమ్మా?"

"వానలు సరిగ్గా పడితే ఆషాఢం వెళ్లేసరికి వచ్చేస్తాయండి."

వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. మందుల కోర్సు కూడా అప్పటికే అయిపోతుంది. "ఒక్క మాత్ర మానకుండా మింగితే పట్టగలవు" అన్నాను. "మరి ఎంత బరువు పెరగాలండీ?" అంది. నీరసం రాకముందు ఎంత ఉండేదానివి అని అడిగితే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన నాడు తూచారని, నలభై మూడు అన్నారని చెప్పింది. "అయితే నలభై మూడు" అన్నాను. ఆవిడ ఆ అంకెను చీర చెంగున ముడి వేసుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని వెళ్లిపోయింది.

అక్కడితో అయితే నాకు మరో రోగి, అంతే. కానీ ఆ వారమే లంకకు వెళ్లినప్పుడు రేవు సంగతులు చూసే పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. దగ్గు సంగతి తెలిసినప్పటి నుంచి ఊళ్లోవాళ్లు ఆవిడ దోనె ఎక్కడం మానేశారు. ఆయనా మానేశాడు. మందులు మొదలయ్యాక కొద్ది వారాల్లోనే అంటుకునే భయం తగ్గిపోతుందని నేను చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"మీరు చదువుకున్నవారు, మీ మాట నేను నమ్ముతానండి. కానీ ఊరు కళ్లతో చూస్తది కదండీ. మనిషి అలా ఎండిపోతుంటే రోగం పోయిందంటే ఎవరు ఎక్కుతారు చెప్పండి? నీళ్లొచ్చేనాటికి ఆవిడ ఒళ్లు చేస్తే రేవు ఆవిడదే, పూచీ నాది. లేదూ, మా తమ్ముడి కొడుక్కి ఇచ్చేస్తాం. పిల్లలు బడి మానేసి కూర్చోలేరు కదాండీ."

అందులో అన్యాయం ఏమీ కనిపించలేదు నాకు. కాకపోతే ఆ మాట ఊరంతా పాకింది. ఆ రోజు నుంచి ఆవిడ బరువు ఆవిడ సొంత విషయం కాకుండా పోయింది.

లంకలో మాత్రలు మింగించే పని అంగన్‌వాడీ టీచరు ఒప్పుకుంది. వాళ్లది మిషనరీల కాలం నాటి చర్చి కుటుంబం, తండ్రీ తాతా కూడా టీచర్లే. ఆదివారం ఆరాధన ఎంత తప్పనిదో సోమ, బుధ, శుక్రవారాల్లో టీచరుకు మాత్రలు మింగించడం అంత తప్పనిది. మింగాక నోరు తెరిపించి, "నాలిక ఎత్తమ్మా" అని చూసేది. అలాంటి మనిషి దొరకడం నా అదృష్టం. కానీ టీచరు దగ్గర ఉన్న కాటా పసిపిల్లల్ని జోలెలో వేలాడదీసి తూచేది. దానికి పెద్ద మనిషిని వేలాడదీయలేం. ఎండల్లో ఆసుపత్రి దాకా నడిపించి తీసుకురావడానికి రోగికి ఓపిక లేదు. ఏం చేద్దామా అనుకుంటుంటే టీచరే ఉపాయం చెప్పింది.

"చేపల షెడ్డులో కాటా ఉంది కదండీ."

లంక చివర చెరువుల గట్టున ప్యాకింగ్ షెడ్డు ఉండేది. పట్టిన చేపల్ని ప్లాస్టిక్ ట్రేలలో పోసి, తూచి, ఐసు కొట్టి లారీ ఎక్కిస్తారు. కాటా దగ్గర ఒకాయన ఉండేవాడు. వెనక లారీ ఇంజను మోగుతున్నా గట్టు అవతలికి వినిపించే గొంతు. ట్రే ఎక్కగానే కడ్డీ మీద గుండు జరిపి అంకె అరిచేవాడు, పక్కన గుమాస్తా రాసుకునేవాడు. ఆయన ఒకసారి అరిస్తే అరిచినట్టే. మళ్లీ తూచమనే మాట ఆ షెడ్డులో లేదు.

మొదటి నెల నిండిన రోజున ఆవిడ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని షెడ్డుకు వచ్చింది. దగ్గు బాగా తగ్గింది. అన్నం రుచిస్తోందని టీచరు చెప్పింది. ఆవిడ కాటా ఎక్కింది. కాటా ఆయన గుండు జరిపాడు.

"ముప్పై నాలుగు!"

షెడ్డంతా విన్నది. ఆవిడ కాటా దిగకుండా నా మొహం చూసింది. మొదట్లో ఒక్కోసారి ఇలాగే ఉంటుందమ్మా అని నోటికొచ్చింది చెప్పి, ఆవిడకు ధైర్యం కోసం, "చూడు, నేనూ ఎక్కుతున్నా" అని నేనూ ఎక్కాను. అప్పట్లో నాదీ ఒక బరువు కథ. చక్కెర జబ్బు వచ్చేలా ఉందని డాక్టరు భయపెట్టడంతో మా ఆవిడ రాత్రి అన్నం మాన్పించి చపాతీల మీద పెట్టింది. ఎనభై రెండు నుంచి ఎలాగైనా దిగాలని నా పంతం. ఆవిడకు పెరగాలని, నాకు తగ్గాలని. ఇద్దరమూ ఒకే కాటా ఎక్కాం.

"డెబ్బై ఆరు!" అన్నాడు కాటా ఆయన.

ఆరు కిలోలు తగ్గాను. ఆవిడ దిగులు ఒక పక్క మనసులో ఉన్నా, నా లోపల సంతోషం పొంగుకొచ్చిందని చెప్పకపోతే అబద్ధమవుతుంది. ఇంటికెళ్లి మా ఆవిడతో చెబితే నన్ను పై నుంచి కింది దాకా చూసి, "చొక్కా గుండీలు ఆ మాట అనట్లేదండీ" అంది. ఆడవాళ్లకు భర్త ఘనత ఒక పట్టాన ఒప్పుకోబుద్ధి కాదు అనుకున్నాను.

రెండో నెల ముప్పై అయిదు. "ఒక కిలో పెరిగావు కదమ్మా" అన్నాను హుషారుగా. "మొదట ముప్పై ఆరు కదండీ" అంది నెమ్మదిగా.

ఆసుపత్రిలో డాక్టరు గారు బరువులు రాసిన కార్డు చూసి, "బరువు ఎందుకు పడుతోంది? అసలు మాత్రలు మింగుతోందా, ఉమ్మేస్తోందా కనుక్కోండి" అన్నారు. కనుక్కోవాల్సింది టీచరు దగ్గరే. వీలైనంత మెత్తగా అడిగాను. మెత్తగా అడిగినా పొడుచుకునే ప్రశ్న అది. టీచరు లోపలికి వెళ్లి మందుల పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది.

"దేవుడి ముందు చెప్పమన్నా ఇదే చెబుతానండి. ప్రతి మాత్రా నా కళ్ల ముందే మింగింది. మీకు నా మీద అనుమానమైతే ఈ పెట్టె మీరే పట్టుకెళ్లండి."

క్షమించమని చెప్పి, పెట్టె ఆవిడ చేతుల్లో మళ్లీ పెట్టి, తల దించుకుని వచ్చేశాను. దగ్గు తగ్గింది, ఆకలి పెరిగింది, మొహంలో కాస్త కళ కూడా వచ్చినట్టే ఉంది. బరువు మాత్రం మొదటి అంకె దాటదు. నా ఉద్యోగంలో అలాంటిది ఎప్పుడూ చూడలేదు.

తర్వాతి వారం ఒక సాయంత్రం టీచరు మా ఇంటికి ఫోన్ చేసింది. "ఆవిడ సోమవారం రాలేదండి. ఈవేళ నేనే వెళ్తే తలుపు తీయలేదు. మందే తనని తినేస్తోందంటోందండి. ఇంక మింగదట. ఎవరో పసరు మందు చెప్పారట. అక్కడ పెద్దాయన తమ్ముడి కొడుకు తన దోనెకు తారు పూయించుకుంటున్నాడు. అది చూశాక మరీ మంచం పట్టేసిందండి" అంది. కఫం పరీక్షకు రమ్మంటే దానికీ రానందట. సగంలో మందు మానేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తిరగబెట్టిన జబ్బు మొదటి జబ్బు కంటే మొండిది. గెడ సంగతి తర్వాత, మనిషే దక్కదు.

మర్నాడు తాడేపల్లిగూడెంలో మా శాఖ మీటింగు ఉంది. అది అవ్వగానే లంకకు పోదామనుకున్నాను. గూడెంలో మా ఆవిడ చెల్లెలు ఉంటుంది, అందుకని మా ఆవిడా నాతో బయల్దేరింది. ఏలూరు స్టేషన్లో పాసింజరు ఆలస్యం. ప్లాట్‌ఫారం మీద రంగు దీపాలు తిరిగే తూనిక మిషను ఉండేది, మీలో కొందరికైనా గుర్తుంటుంది. నాణెం వేస్తే టిక్కెట్టు రాలుతుంది, ఒక వైపు బరువు, రెండో వైపు జాతకం. మా ఆవిడ నాణెం తీసి, "ఎక్కండి, మీ తగ్గుదల చూద్దాం" అంది. ఠీవిగా ఎక్కాను. టిక్కెట్టు రాలింది. ఎనభై మూడు.

"ఆరు కిలోలు తగ్గినాయన మీరేనాండీ?" అంది.

మిషను పాడైందన్నాను. తను ఎక్కింది. మొన్న డాక్టరు దగ్గర చూసిన బరువే వచ్చింది. నేను మళ్లీ ఎక్కాను. మళ్లీ ఎనభై మూడే. మా ఆవిడ టిక్కెట్టు తిరగేసి, "మీ కృషికి తగిన ఫలితం లభించును" అని పైకి చదివి పక్కన బెంచీ మీద కూర్చున్నవాళ్లకు కూడా చూపించింది. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. నేను తగ్గలేదంటే, ఆ దోనె ఆవిడ మాత్రం తగ్గిందని ఏమిటి నమ్మకం?

రైలు వచ్చింది. మా ఆవిణ్ణి ఎక్కించి, నేను ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాను. "మీటింగండీ!" అని కిటికీలోంచి అరిచింది. ఆ మీటింగుకు రానందుకు నాకు మెమో వచ్చింది. నా సర్వీసు మొత్తంలో సంతోషంగా సంతకం పెట్టి తీసుకున్న మెమో అదొక్కటే.

ఎండ ముదరకముందే షెడ్డు చేరాను. పక్కన కొత్త గది కడుతున్నారు, సిమెంటు బస్తాలు ఉన్నాయి. విప్పని బస్తా ఒకటి కాటా ఎక్కించమన్నాను. కాటా ఆయన వింతగా చూసినా గుండు జరిపాడు.

"నలభై అయిదున్నర!"

"బస్తా మీద యాభై అని అచ్చు వేసి ఉందయ్యా."

"అయితే సిమెంటోడు దొంగండి" అన్నాడు తడుముకోకుండా.

ఇంకో బస్తా ఎక్కించాం. నలభై అయిదున్నర. మూడోదీ అంతే. అన్ని బస్తాల్లోనూ ఒకేలా దొంగిలించే దొంగ ఎవడబ్బా అని ఆయన తల గోక్కుంటుంటే, గుమాస్తాకు నవ్వాగలేదు.

"తరుగు తీసేశాడండి!" అన్నాడు.

విషయం ఇదీ. చేపలు తూచేటప్పుడు ట్రే బరువు రెండు కిలోలు, నీళ్లు కారే తడికి నూటికి అయిదు కిలోలు తీసేసి మిగిలినదే పైకి చెబుతారు. ఆ తీసేసేదే తరుగు. ఇరవై ఏళ్ల నుంచి ఆ లెక్క ఆయన నోట్లోనే ఉంది. కళ్లు ఒక అంకె చూస్తాయి, నోరు ఇంకో అంకె అరుస్తుంది. మధ్యలో ఆయన ప్రమేయం ఏమీ లేదు.

"మనిషి ట్రేలో వచ్చిందటయ్యా? మనిషికి తడేమిటి?" అన్నాను.

"తరుగు వద్దని మీరు చెప్పలేదు కదండీ! కాటా మీదకి ఏదొచ్చినా తరుగు పోను చెప్పడమే నాకు తెలుసండి" అని గట్టిగానే వాదించాడు. వాదిస్తూ వాదిస్తూ ఆగిపోయాడు. "అంటే ఆ తల్లి ఇన్నాళ్లూ పెరుగుతూనే ఉందాండీ? నేనే ఎండగట్టేశానా?" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా పలకగలదని అప్పుడే తెలిసింది. నేను మాట్లాడేలోపే తువ్వాలు భుజాన వేసుకుని ఊళ్లోకి పరుగెత్తాడు. వెనకాల నేను, నా వెనక గుమాస్తా.

ఆవిడ ఇంటి ముందు టీచరు అప్పటికే కూర్చుని ఉంది. ఆ రోజు బుధవారం. తలుపు తీయకపోయినా మందుల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాటా ఆయన తలుపు ముందు నిలబడి జరిగింది చెప్పాడు. ఆయన చెప్పడమంటే వాడంతా వినడమే. లోపలి నుంచి మాట వచ్చింది.

"నన్ను ఊరుకోబెట్టడానికి చెబుతున్నారండి. నలుగుర్లో ఇంకోసారి నిలబడలేనండి."

"నలుగుర్లో తీసినది నేను, నలుగుర్లోనే ఇస్తానమ్మా. ఒక్కసారి రా. నీ కాళ్లు పట్టుకుంటాను" అన్నాడు.

తలుపు తెరుచుకుంది. టీచరు చెయ్యి పట్టుకుని ఆవిడ షెడ్డు దాకా నడిచింది. తెలివైన మనిషి, వెంటనే కాటా ఎక్కలేదు. "ముందు ఆ బస్తా పెట్టండి" అంది. పెట్టారు. ఆయన కడ్డీ వంక చూసి, ఒక చేత్తో తన నోరు తనే మూసుకుని, ఆగి, ఆలోచించుకుని, "యాభై" అన్నాడు. అప్పుడు ఆవిడ ఎక్కింది. గుండు జరుగుతోంది. లారీ డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఐసు కొట్టేవాళ్లు సుత్తులు పట్టుకుని నిలబడ్డారు. కాటా ఆయన రెండుసార్లు వంగి చూశాడు.

"ముప్పై తొమ్మిది! తరుగు లేదు! నిండుగా ముప్పై తొమ్మిది!"

ఆ కేక ఆకివీడు దాకా వినిపించిందంటే నేను నమ్ముతాను. "ఇంకోసారి తూచండి" అంది ఆవిడ. మళ్లీ తూచమనే మాట లేని షెడ్డులో ఆ రోజు ఆవిణ్ణి మళ్లీ తూచారు. మళ్లీ ముప్పై తొమ్మిదే. ఆవిడ దిగి, టీచరు వైపు తిరిగి, "ఈవేల్టి మాత్రలు తెచ్చారాండీ?" అంది. టీచరు పెట్టె తెరిచింది. షెడ్డు కుండలోని నీళ్లతో అన్నీ మింగి, ఎవరూ అడగకుండానే నోరు తెరిచి నాలిక ఎత్తి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

సోమవారం తప్పిన మోతాదు సంగతి డాక్టరు గారు చూసుకున్నారు. ఆ వారమే కఫం పరీక్ష అయింది. క్రిములు లేవు. లంకకు వెళ్లి చెబితే ఆవిడ గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. "మీ కాటా ఒంటి సంగతి చెబుతుందండి. ఊపిరి సంగతి నేను చూసుకోవాలి కదండీ" అంది. ఎలా చూసుకుందో విన్నాక నాకు మందుల కార్డులన్నీ చిన్నబోయినట్టు అనిపించింది. చెరువుల పక్క కాలువలో ఎండాకాలంలోనూ నీళ్లు ఉంటాయి. గట్టు పొడుగునా కరెంటు స్తంభాలు ఉన్నాయి. ఖాళీ దోనె కాలువలోకి దించి, ఆయాసం రాకుండా ఏ స్తంభం దాకా గెడ వేయగలనో అని వారానికోసారి చూసుకునేది. మొదటి వారం మొదటి స్తంభం కూడా అందలేదు.

నేను వెళ్లినప్పుడల్లా అడిగేది అదే. "ఎందాకా?"

"రెండోది దాటానండి."

కొన్నాళ్లకు మూడోది. తర్వాత నాలుగోది. అయిదో స్తంభం దగ్గర మాత్రం వారాల తరబడి ఆగిపోయింది. వడగాడ్పులు, నీరసం. "దానికీ నాకూ ఏదో పాత పగ ఉందండి" అనేది. అయినా ప్రతి వారం దోనె దించేది, అక్కడిదాకా వెళ్లి ఆయాసంతో తిరిగి వచ్చేది, మొహం ముడుచుకోకుండా "ఈ వారమూ అయిదేనండి" అని చెప్పేది. మీకు చెప్పాలనుకున్న ముక్క ఇది. పెరిగిన వారం లెక్క చూసుకోవడం ఎవరైనా చేస్తారు. కదలని వారం కూడా వెళ్లి అదే స్తంభాన్ని అదే చోట చూసి వచ్చేవాళ్లే తొలకరి పడ్డాక ఆరోది దాటుతారు. ఆవిడ దాటింది. దాటిన రోజు ఊరి దాకా ఒకటే నవ్వుకుంటూ వచ్చిందని టీచరు చెప్పింది.

షెడ్డులో నెలవారీ తూకం ఒక వేడుకైపోయింది. కాటా ఆయన ఆ రోజు సెలవు పెట్టేవాడు కాదు. కాటాను గుడ్డతో తుడిచి, "రా తల్లీ" అని పిలిచేవాడు. నలభై, నలభై ఒకటిన్నర, అలా ఎక్కుతూ పోయింది. ఆషాఢంలో చివరి తూకానికి పెద్దాయన కూడా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని ఏదో పని మీద వచ్చినవాడిలా నిలబడ్డాడు. నలభై నాలుగు. ఆవిడ అనుకున్నదానికి ఒకటి ఎక్కువే. నా సంగతి అడగకండి, ఎనభై మూడు తరుగు పోనూ ఎంతైనా అది ఎనభై మూడే. చపాతీలతో పాటు మధ్యాహ్నం అన్నమూ తగ్గాకే నేను దిగాను.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. వాగులు వచ్చేశాయి, నేల దారి మునిగింది. చివరి కఫం పరీక్ష కాగితం పట్టుకుని, ముందు రోజు చేపల పడవలో లంక చేరి టీచరు వాళ్ల ఇంట్లో ఉండిపోయాను. తెల్లవారి రేవుకు వెళితే రెండు దోనెలు ఉన్నాయి. ఒకటి పెద్దాయన తమ్ముడి కొడుకుది, కొత్త తారుతో నిగనిగలాడుతోంది. రెండోది ఆవిడది. ఆవిడ గెడ పట్టుకుని నిలబడింది. క్రిములు లేవన్న కాగితం నేను పైకి చదివాను. ఎవరూ కదల్లేదు. వాన సన్నగా పడుతోంది. ఆవిడ ఎవరినీ పిలవలేదు, తల మాత్రం దించలేదు.

టీచరు నీళ్లలో అడుగుపెట్టి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వెళ్లి ఆ దోనెలో మధ్యన కూర్చుంది. ఆవిడకు అవతలి ఒడ్డున పనేమీ లేదని ఊరందరికీ తెలుసు. తర్వాత నేను ఎక్కాను. హైస్కూలు పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ఒక పిల్ల పుస్తకాల సంచి తలకెత్తుకుని గెంతింది, ఇంక ఆగేదెవరు, అందరూ గెంతారు. బుట్టలతో ఆడవాళ్లు "జరగండి, జరగండి" అంటూ ఎక్కారు. దోనె నీళ్లలోకి కుంగింది. ఆవిడ గెడ గుచ్చింది.

అప్పుడు వచ్చాడు పెద్దాయన, గొడుగు వేసుకుని గబగబా. ఆకివీడులో ఏదో పని ఉందట. "ఆగమ్మా, ఆగు" అంటూ ఒక కాలు దోనెలో పెట్టబోయాడు.

"బాబాయ్ గారూ, నిండిపోయిందండి. ఏమీ అనుకోకండి. ఈ తడవ దింపేసి మళ్లీ వస్తాను, ఉండండి" అంది ఆవిడ.

పెద్దాయన ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. పక్కనే తమ్ముడి కొడుకు దోనె ఖాళీగా ఉంది. ఆయన దాని వైపు తిరిగైనా చూడలేదు.

"అలాగేనమ్మా. నువ్వొచ్చేదాకా ఉంటాను" అని రేవు మెట్టు మీద కూర్చున్నాడు.